పట్టుకున్న పిల్ల పద్దు

చీర్‌లీడింగ్‌లో గాల్లోకి ఎగిరే అమ్మాయి ఫ్లయర్. కింద నిలబడి ఆమెను ఎత్తి, మళ్ళీ పట్టుకునేవాళ్ళు బేస్‌లు. ఫ్లయర్ జారితే జిమ్ అంతా "అయ్యో" అంటుంది. అదే ఫ్లయర్ మోచేయి తగిలి బేస్ కణత అదిరితే ఎవరికీ తెలియదు. ఆ పిల్ల కూడా చెప్పదు, నవ్వుతూ వరసలోకి వెళ్ళిపోతుంది. టెక్సస్‌లో ఒక హైస్కూల్లో అథ్లెటిక్ ట్రెయినర్‌ని నేను, అంటే ఆటల్లో తగిలే దెబ్బలు చూసేదాన్ని. పడ్డ పిల్లను అందరూ చూస్తారు, పట్టుకున్న పిల్లను నేను చూడాలి. చూసింది చూసినట్టు రాయాలి.

ఇది తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బేస్ తలనొప్పి అంటూ వచ్చింది. "తలకు దెబ్బ, ఐస్ పెట్టాను" అని ఒక్క ముక్క రాసి పంపేశాను. రాత్రికి వాంతులు పట్టుకున్నాయి. ఎన్ని గంటలకు తగిలింది, స్పృహ తప్పిందా, మాట తడబడిందా అని ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగితే, ఒక్కదానికీ నా కాగితంలో జవాబు లేదు. ఆ పిల్ల కోలుకుంది. ఆ ఒక్క ముక్క మాత్రం నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

కిందటేడు రాసిన పద్దు ఇది (బాస్కెట్ టాస్ అంటే ఫ్లయర్‌ను గాల్లోకి విసిరి పట్టుకోవడం): "సాయంత్రం 4.20. బాస్కెట్ టాస్, మ్యాట్ మీద. ఫ్లయర్ కుడి మోచేయి, బేస్ ఎడమ కణత. స్పృహ తప్పలేదు. మెడ నొప్పి లేదు. ఐదు మాటలు చెప్పి మళ్ళీ అడిగితే మూడే చెప్పింది. లైటు వైపు చూడలేకపోతోంది. ప్రాక్టీసు ఆపించాను. 4.35, తల్లికి ఫోన్." మెడ నొప్పి అని ఉంటే కదలనివ్వకుండా తల పట్టుకుని, అంబులెన్స్ కోసం 911కు ఫోన్ చేయించి ఉండేదాన్ని. రాత ఆ తరవాతే.

రాయకపోతే ఏమవుతుందో చీర్‌లీడింగ్ చరిత్రలోనే ఉంది. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో, ప్రేక్షకుల చేత కేకలు వేయించడంతో ఇది మొదలైంది. గాల్లో విన్యాసాలు తరవాత వచ్చి చేరాయి. అయినా చాలాచోట్ల దీన్ని ఆటల్లో జమ కట్టలేదు. ఆట కాదంటే ట్రెయినర్ ఉండడు, మంచి మ్యాట్లు ఉండవు, దెబ్బలకు లెక్కా ఉండదు. దీన్ని ఆటగా గుర్తించమని 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అడిగింది. 2016లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన అధ్యయనానికి ఆధారం, హైస్కూల్ ట్రెయినర్లు ఐదేళ్ళు రాసిన పద్దులే. మొత్తం మీద దెబ్బలు మిగతా ఆడపిల్లల ఆటలకంటే తక్కువని తేలింది. కానీ తగిలినవాటిలో 31 శాతం కంకషన్లు, అంటే మెదడు అదిరిన దెబ్బలు. సగానికి పైగా దెబ్బలు స్టంట్లలో తగిలినవే. బయటికి కనిపించని దెబ్బ కాగితం మీదైనా కనిపించాలి కదా!

ఆ 4.35 ఫోన్ ఎత్తింది ఒక తెలుగు తల్లి. "మీరూ మనవాళ్ళేనటగా. శనివారం పోటీ ఉందండీ, ఈ ఒక్కసారికి రాయకుండా వదిలెయ్యండి" అంది. పిల్ల ఏడాదంతా పడ్డ కష్టం ఆ గొంతులో వినిపించింది. "రాయకపోతే రేపు డాక్టర్‌కు ఏం చూపిస్తామమ్మా? ఇది మానకముందే ఇంకో దెబ్బ తగిలితే?" అన్నాను. కంకషన్ అనుమానం ఉన్న పిల్లను డాక్టర్ కాగితం లేకుండా మళ్ళీ ఆటలోకి దించకూడదని మా రాష్ట్రంలో 2011లోనే చట్టం వచ్చింది. కోచ్ మాట చాలదు. కాగితం వచ్చాక కూడా మెట్టుమెట్టుగానే: తేలిక నడక, పరుగు, దూకుళ్ళు, చివరన స్టంట్లు. మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి తిరగబెడితే ఆగాల్సిందే.

ఆ శనివారం పోటీ ఆ పిల్ల లేకుండానే జరిగింది. ఆమె పద్దులో చివరి వరస ఇది: "17వ రోజు. తలనొప్పి లేదు. ఐదు మాటలూ చెప్పింది. ఫ్లయర్‌ను ఎత్తింది, పట్టుకుంది."