పెంటకుప్ప మహిమ

మొన్న ఆదివారం మా పై వాటాలో కొత్తగా మిద్దెతోట మొదలుపెట్టిన కుర్రాడు చెత్త త్వరగా మాగేందుకు వేసే కంపోస్టు పొడి ప్యాకెట్ ఒకటి కొనుక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే కింద వాచ్‌మన్ రాలిన వేపాకులన్నీ ఊడ్చి, సంచుల్లో కుక్కి చెత్తబండికి ఎక్కిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. వంటింటి చెత్తను బకెట్లో కంపోస్టు చెయ్యాలంటే కావాల్సింది ఆ ఎండుటాకులే.

కూరగాయల తొక్కుల్లో నీరూ నత్రజనీ ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉండాలంటారు. వంటింట్లో ఈ లెక్కలు ఎవరు కడతారు గానీ, గిన్నెడు తొక్కులకు రెండు గిన్నెల ఎండుటాకులు వేస్తే సరిపోతుంది. ఆకులు వెయ్యకపోతేనే బకెట్ కంపు కొడుతుంది.

మా తాతయ్యకు ఈ పాళ్లేవీ తెలియవు. దొడ్డి చివర పెంటకుప్ప ఉండేది. తెల్లారేసరికి పేడ, పశువులు తొక్కి మూత్రంలో నానిన గడ్డి, పొయ్యిలో బూడిద, అన్నీ తట్టలకెత్తి అక్కడే పోసేవారు. ఏరువాకకు ముందు బండ్లు కట్టి పొలానికి తోలేవారు. గడ్డపార దించితే లోపల్నుంచి ఆవిరి వచ్చేది. కుప్ప చుట్టూ తోటకూర నా నడుమెత్తు పెరిగేది. ‘చూశావురా పెంటకుప్ప మహిమ’ అనేవాడాయన. ఆ మహిమను నేనూ చాలాసార్లే పాడాను.

కుర్రాడికి ఆ పాటే వినిపిద్దామని ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ కంపోస్టు పద్ధతిని మళ్లీ తిరగేశాను. 1924 నుంచి 1931 దాకా ఇందోర్‌లో పనిచేసి, సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి ఆయన కంపోస్టుకు ఒక పద్ధతి కుదిర్చాడు. సరుకు మా తాతయ్యదే: పంట చెత్త, పేడ, మూత్రం ఇంకిన మట్టి, బూడిద. కాకపోతే హోవర్డ్ వాటిని పొరలుగా పేర్చి, తేమ చూసుకుంటూ, తిరగేయించి, మూడు నెలల్లో ఎరువు తీశాడు. మా కుప్పను తిరగేసిన నాథుడు లేడు. ఎండకు నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసింది, వానకు సారం నల్లనీళ్లై కారిపోయింది. తోటకూర అంత ఏపుగా పెరిగింది ఆ నీళ్లు తాగే. పొలానికి చేరాల్సింది దొడ్లోనే ఖర్చయిపోయిందన్నమాట.

ఆ లెక్కన నీడలో మూత పెట్టి, పక్కలకు చిల్లులు పొడిచిన ఈ కుర్రాడి బకెట్టే మేలు. ప్యాకెట్‌లో ఉండే సూక్ష్మజీవులు గుప్పెడు పాత ఎరువులోనూ ఉంటాయి, నిజమే. నాలుగో అంతస్తులో కొత్తగా మొదలెట్టినవాడికి పాత ఎరువు ఎక్కణ్ణుంచి వస్తుంది? కొననివ్వండి. రెండో బకెట్‌కు మాత్రం మొదటిదాంట్లోంచి తీసుకోవాలి.

వారానికోసారి అడుగుదాకా కలిపి, గుప్పెడు తీసి పిండి చూడాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే తేమ సరిపోయినట్టు. ధార కారితే ఆకులు కలపాలి, పొడిపొడిగా ఉంటే నీళ్లు చిలకరించాలి. లావుపాటి పురుగులు లుకలుకలాడితే మందు కొట్టకండి, అవి తింటున్నది మీ చెత్తనే. మాంసం ముక్కలూ నూనె కూరలూ మాత్రం వెయ్యొద్దు. వేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే అసోసియేషన్ సెక్రటరీ వస్తాడు.