డిష్ నిండాక మొదలయ్యే పని

సెల్ కల్చర్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదట్లో ఒకటే ఆత్రం: డిష్ ఎప్పుడు నిండుతుందా అని. నిండగానే ట్రిప్సిన్ పోసి, కణాలను ఊడదీసి, నాలుగు డిష్‌లకు పంచేస్తారు. కిడ్నీ నాళికల కణాల దగ్గర ఆ చురుకుదనమే చేటు.

ఎండీసీకే కణాలనే చూడండి. 1958లో మాడిన్, డార్బీ ఒక కాకర్ స్పానియల్ కుక్క కిడ్నీ నుంచి తీసినవి. చల్లిన కొత్తలో చదునుగా, దేనిదారిన అది పడుంటాయి. ఖాళీ లేకుండా ఒకదాన్నొకటి ఒరుసుకున్నాకే విభజన మందగించి, టైట్ జంక్షన్లు బిగుస్తాయి. పైవైపు మైక్రోవిల్లై లేస్తాయి, సోడియం పంపులు పక్కలకూ అడుగుకూ చేరతాయి. ఇక పైనుంచి కిందికి ఉప్పును తోడటం మొదలు. ఉప్పు వెంటే నీళ్లు. అడుగున ప్లాస్టిక్, నీళ్లకు దారేది? దాంతో కణాల పొర అక్కడక్కడా పూరీలా పొంగుతుంది. వాటిని డోమ్‌లంటాం. కణాలు పనిలో పడ్డాయనడానికి ఖరీదైన యాంటీబాడీ పరీక్షల కన్నా ముందు నేను నమ్మేది ఆ పొంగునే.

ప్రాక్సిమల్ నాళిక, అంటే కిడ్నీ నాళిక తొలి భాగపు కణాలు ఇంత మంచివి కావు. కిడ్నీలు రోజుకు వడగట్టే సుమారు 180 లీటర్లలో మూడింట రెండు వంతులు వెనక్కి తీసుకునేది ఇవే. అంత పనిమంతులు డిష్‌లోకి రాగానే చేతులెత్తేస్తాయి: బ్రష్ బోర్డర్ పలచబడుతుంది, ట్రాన్స్‌పోర్టర్లు తగ్గుతాయి, కొవ్వు ఆమ్లాలను మండించడం మానేసి గ్లూకోజ్ మీద పడతాయి. హెచ్‌కే-2 అని మనిషి కణాలున్నాయి. పాపిలోమా వైరస్ జన్యువులు చొప్పించి చావులేకుండా చేసినవి. ఎంతకాలమైనా పెరుగుతాయి గానీ వాటిలో ఓఏటీ1 ట్రాన్స్‌పోర్టర్ దాదాపు ఉండదు. హెచ్‌ఐవీ మందు టెనోఫోవిర్ నాళిక కణంలోకి వెళ్లేది ముఖ్యంగా దాని ద్వారానే. మందు లోపలికే పోని కణం మీద పరీక్షిస్తే, కిడ్నీకి హాని చేసే మందు కూడా నిరపాయంగానే కనిపిస్తుంది.

విరుగుడు లేకపోలేదు. కిందినుంచి కూడా మీడియం అందేలా సన్నరంధ్రాల ఫిల్టర్ మీద పెంచాలి. విభజనకు ఉసిగొల్పే సీరం తగ్గించి ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, హైడ్రోకార్టిసోన్ లాంటివి ఇవ్వాలి. ఎండీసీకే కోసం మేరీ టౌబ్ బృందం 1979లోనే అలాంటి మీడియం తయారుచేసింది. వీలైతే మూత్రనాళికలో లాగా పైన ద్రవం పారించాలి. ఆ తర్వాత రోజుల తరబడి మీడియం మార్చడం తప్ప ముట్టుకోకూడదు. ఇదే ఎవరికీ చేతకాదు.

పరిశోధన వ్యాసాల్లో మాత్రం ‘కణాలు కన్‌ఫ్లుయెంట్ అయ్యాక వాడాం’ అని ఒక్క ముక్క రాసేస్తారు. అంటే డిష్ నిండాక అని. నిండాక ఎన్నాళ్లకు? రివ్యూకి వచ్చిన ప్రతి వ్యాసానికీ నేను వేసే మొదటి ప్రశ్న అదే.