తోటరాముడి మేడ

చిన్నప్పుడు నేల టిక్కెట్టులో కూర్చుని చూసిన ‘పాతాళభైరవి’ (1951)ని మళ్ళీ పెద్ద తెరమీద చూశాను. ఆనాడు మేడ లేవగానే చప్పట్లు కొట్టినవాణ్ణి. ఈసారి చేతులు కదల్లేదు. కూతుర్నివ్వాలంటే తనతో సమానంగా సంపద తెమ్మంటాడు ఉజ్జయిని రాజు. తోటరాముడు ఆ షరతును ప్రశ్నించడు, ఒప్పుకుని బయలుదేరతాడు. సంపదంతా ఒక బొమ్మలో ఉంది. రాయి మోసినవాడు లేడు, సున్నం కలిపినవాడు లేడు.

అంతమాత్రాన ఇది వట్టి పలాయనమని కొట్టిపారేయలేం (ఒకప్పుడు నేనే అలా వాదించాను). బొమ్మ మాంత్రికుడి చేతికి పోగానే మేడా, రాకుమారీ మాయం. చెమట చిందని సంపద నిలవదని పింగళి, కె.వి.రెడ్డి కథలోనే ఒప్పుకున్నారు. అప్పుడు రాముడికి మిగిలింది అంజి స్నేహం, తన తెగింపు. ఎస్.వి.రంగారావు మాంత్రికుడికి సాటిరాగల కథానాయకుడు అక్కడే పుట్టాడనిపించింది.

నా పక్కసీటు పిల్లవాడు మాత్రం మేడ లేచినప్పుడే చప్పట్లు కొట్టాడు.