స్వామి లేని ఊరేగింపు

తమిళ నెల పెరటాసిలో, చెన్నై దగ్గరి మా తిరునిన్రవూరు మీదుగా వెళ్ళే ఊరేగింపుల్లో పెద్దది తిరుపతి గొడుగులది. అందులో ఉత్సవమూర్తి ఉండడు. పల్లకీ లేదు, గరుడుడు లేడు, తేరు అసలే లేదు. ఉన్నవల్లా తెల్ల పట్టు గొడుగులు. వాటి కింద ఎవరూ కూర్చోరు. అయినా జనం ఇంటి ముందు నీళ్ళు చల్లి ముగ్గేస్తారు, కర్పూరం వెలిగిస్తారు, కొబ్బరికాయ కొడతారు. గొడుగు కదిలినప్పుడల్లా ‘గోవిందా’ అని అరుస్తారు.

ఈ గొడుగులు బయల్దేరేది చెన్నై దేవరాజ మొదలి వీధిలోని చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి. ఆ గుడిది వలస కథే. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట మొదటి గుడి ఉండేది. 1757 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్ళు కోట ముందు మైదానం కావాలని దాన్ని పడగొట్టారు. తర్వాత మణలి ముత్తుకృష్ణ మొదలియార్ పూనికతో ఇప్పటి చోట చెన్నకేశవుడికీ చెన్నమల్లీశ్వరుడికీ పక్కపక్కనే గుళ్ళు లేచాయి. గొడుగులు అక్కణ్ణుంచి గోవిందప్ప నాయకన్ వీధి లాంటి సందుల్లో తిరుగుతాయి. ఈ పేర్లు చదువుతుంటే పట్నంలో తెలుగు వ్యాపారులు ఎంత చోటు కట్టుకున్నారో బోర్డుల మీదే కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు గంటల వేళ యానైకవుని (ఏనుగు ద్వారం) దాటించడం మొదటిరోజు ముఖ్య ఘట్టం. గొడుగులు కవుని దాటితేనే పట్నంవాళ్ళకు మనసు కుదుటపడుతుంది. అయనావరం కాశీ విశ్వనాథుడి గుడి, విల్లివాక్కం సౌమ్య దామోదర పెరుమాళ్ గుడి, తిరుముల్లైవాయిల్ మజిలీలు. ఆవడి, పట్టాభిరాం దాటి మా ఊరు, ఆపైన తిరువళ్ళూరు వీరరాఘవస్వామి సన్నిధి, చివరికి తిరుచానూరు, తిరుమల. ఇది రెండు వందల ఏళ్ళకు పైబడిన ఆనవాయితీ అని పెద్దలంటారు. ఇప్పుడు దీన్ని నడిపిస్తున్నది హిందూ ధర్మార్థ సమితి. ఈ మధ్య ఏళ్ళలో 11 గొడుగులు వెళ్తున్నాయి. రెండు తిరుచానూరు అమ్మవారికి, తొమ్మిది కొండ మీది స్వామికి. బ్రహ్మోత్సవాల్లో అయిదోనాటి రాత్రి జరిగే గరుడసేవకు ముందే అవి చేరాలి. శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళ్ మాల వచ్చేదీ ఆ సేవకే.

గుడి గొడుగు వానకు వేసుకునే గొడుగు కాదు. చీల్చిన వెదురు బద్దలను ఎండబెట్టి, నునుపు చేసి, ఒకే వంపు వచ్చేలా వంచి నడిమి దిమ్మకు బిగిస్తారు. ఒక్క బద్ద వంపు తేడా వచ్చినా పైన గుడ్డ ఒక పక్క లాగుతుంది, తిప్పినప్పుడు గొడుగు వంకరగా ఊగుతుంది. గుడ్డను లోపల ఒక పొర, పైన పట్టు వేసి చేత్తో కుడతారు. అంచున జాలరు, దానికి కుచ్చులు, నెత్తిన కలశం. చెన్నై చింతాద్రిపేటలో ఈ పని చేసే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. 1730లలో నేతగాళ్ళను తెచ్చి కుదిర్చి కట్టిన పేట అది. గుడ్డ తెలిసిన చోట గొడుగు పుట్టడంలో వింతేమీ లేదు.

పనితనమంతా జాలరులో ఉందని నా అభిప్రాయం. కలశాన్ని అందరూ చూస్తారు, ఫోటో తీస్తారు. గొడుగుకు ప్రాణం పోసేది మాత్రం ఆ వేలాడే అంచే. మరీ బరువైతే తిప్పినా లేవదు, మరీ తేలికైతే గాలికి పైకి లేచి బద్దలకు చుట్టుకుంటుంది. గిర్రున తిప్పినప్పుడు జాలరు గుండ్రంగా విచ్చుకుని, ఆపగానే ఒక్క క్షణం ఆలస్యంగా వాలాలి. మేళం వాళ్ళ డోలు దెబ్బ ఆ వాలే క్షణానికి పడితే చూడటానికి ఎంత బాగుంటుందో!

మోయడం ఇంకో విద్య. బరువంతా నెత్తిన ఉన్న పొడుగాటి కర్ర అది. కింది చెయ్యి బరువు మోస్తుంది, పై చెయ్యి దారి చూపిస్తుంది. కొత్తగా పట్టుకున్న కుర్రాళ్ళు ఈ రెండు పనులనూ తారుమారు చేసి, పై చేత్తో బలం పెట్టి, కాసేపటికే భుజం పట్టేసి తప్పుకుంటారు. కర్ర కొసను నడుము దగ్గర గుడ్డ చుట్టిన దట్టీలో ఆనించుకుంటే సగం భారం తుంటి మీదికి దిగుతుంది. గాలికి గొడుగును ఎదురు నిలపకూడదు, గాలి వచ్చే వైపు కాస్త వాల్చాలి. మా చెరువు మీదుగా సాయంత్రం పూట వీచే గాలి ఈ పాఠం త్వరగానే నేర్పిస్తుంది. ఇక తీగలు. కరెంటు తీగలు, కేబుల్ తీగలు, పార్టీ తోరణాలు, అన్నీ గొడుగు ఎత్తులోనే వేలాడతాయి. అందుకే పట్టుకునేవాడి పక్కన ఇద్దరు ముగ్గురు నడుస్తారు. పైకి చూసే పని వాళ్ళది. ‘పైకి చూడకురా, ముందువాడి మడమ చూసి నడువు’ అని పెద్దలు కుర్రాళ్ళను హెచ్చరిస్తుంటారు. పైకి చూస్తే తల వాలుతుంది, తల వాలితే కర్ర వాలుతుంది.

పెరటాసి సాయంత్రాల్లో వాన సామాన్యం. చినుకు పడగానే పట్టు తడవకుండా గొడుగుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. గొడుగుకే గొడుగు పట్టడం చూసి నవ్వని పిల్లాణ్ణి నేను చూడలేదు.

సాధారణంగా పెరుమాళ్ ఊరేగింపుకు ఒక వరస ఉంటుంది. మేళం ముందు, తర్వాత దివ్యప్రబంధం చదివే గోష్ఠి, నడుమ స్వామి, వెనుక వేదపారాయణం. గొడుగులు స్వామికి రెండు పక్కలా. అక్కడ గొడుగు కేవలం ఉపచారమే, ఛత్రచామరాల్లో ఒకటి. దాని పని కప్పడం, అప్పుడప్పుడు దాచడం కూడా. కంచి వరదరాజస్వామి వైకాశి నెల గరుడసేవలో గోపుర వాకిట స్వామిని ఒక్క క్షణం గొడుగులతో మరుగుపరుస్తారు. షోళింగర్‌లో ఉండిపోయి కంచికి రాలేని భక్తుడు దొడ్డాచార్యులకు ఆ క్షణంలో స్వామి దర్శనమిస్తున్నాడని నమ్మకం. షోళింగర్ మా జిల్లాలోని తిరుత్తణికి దగ్గరే కనుక ఈ కథ మా వైపు చిన్నప్పుడే చెవిన పడుతుంది.

తిరుపతి గొడుగుల దారిలో ఆ వరస తలకిందులవుతుంది. స్వామి ఇంకా కొండ మీదే ఉన్నాడు. ఇక్కడ కదులుతున్నది ఆయనకు రేపు పట్టబోయే నీడ. ఈ ఊరేగింపు విలువంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. గుడిలో స్వామి వాహనాన్ని ఎవరు పడితే వాళ్ళు మోయలేరు, ఎవరు ఎక్కడ నిలవాలో కట్టుబాటు ఉంది. ఈ గొడుగు మాత్రం ఇంటి గడప దాకా వస్తుంది. పూలమ్మే ఆమె కర్రను తాకి కళ్ళకద్దుకుంటుంది, షిఫ్టు దిగి లోకల్ రైల్లోంచి వచ్చిన కార్మికుడు చెప్పులు విడిచి పది అడుగులు భుజం పడతాడు, తల్లులు చంటిపిల్లల్ని గొడుగు నీడలోకి ఎత్తి పట్టుకుంటారు. తాము తాకిన గొడుగే గరుడుడి మీద కూర్చున్న తిరుమల ఉత్సవమూర్తి మలయప్ప పక్కన నిలుస్తుందన్న సంబరం వాళ్ళది. కొండకు పోలేనివాళ్ళకు ఇది దర్శనానికి బదులు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దర్శనంలో చూడటమే ఉంటుంది, ఇక్కడ కైంకర్యంలో ఒక చెయ్యి వేయడం ఉంది.

పైగా మా ఊరికి దేవుళ్ళ కొరతేమీ లేదు. భక్తవత్సల పెరుమాళ్ గుడి 108 దివ్యదేశాల్లో ఒకటి, తిరుమంగై ఆళ్వార్ పాడిన చోటు. శివాలయానిది ఇంకా చిత్రమైన కథ. పూసలార్ అనే పేద భక్తుడు డబ్బు చాలక మనసులోనే గుడి కట్టాడు. పునాది, ప్రాకారం, శిఖరం, చివరికి కుంభాభిషేకం ముహూర్తం కూడా లోపలే. అదే రోజున కంచిలో పల్లవరాజు తాను కట్టించిన గుడికి ముహూర్తం పెడితే, శివుడు కలలో కనిపించి ఆ రోజు తనకు తిరునిన్రవూరులో పని ఉందన్నాడట. రాజు వచ్చి వెతికితే ఊళ్ళో గుడే లేదు, ఉన్నది పూసలార్ మనసులోనే. ఆ శివుడే మా హృదయాలీశ్వరుడు. కళ్ళకు కనిపించని గుడిని నమ్మిన ఊరికి స్వామి లేని ఊరేగింపు తేడాగా అనిపించకపోవడంలో ఆశ్చర్యమేముంది?

అంతా బాగుందని చెప్పలేను. దారి పొడవునా హుండీలు పుట్టుకొస్తాయి. గొడుగుల ఊరేగింపులో ఇచ్చే కానుకలతో తమకు సంబంధం లేదని తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటనలు ఇస్తూనే ఉంటుంది. వినేవాళ్ళు తక్కువ. నాదస్వరం వాళ్ళ పక్కనే స్పీకర్ల లారీ నిలబెట్టే అలవాటు నాకు అసలు గిట్టదు. జాలరు వాలే క్షణం ఆ హోరులో ఎవరికి కనిపిస్తుంది? తిరువళ్ళూరు రోడ్డు మీద బస్సులు ఆగిపోయి, ఆస్పత్రికి పోవాల్సినవాళ్ళు ఇరుక్కుపోవడమూ చూశాం. మునుపటికంటే ఇప్పుడు వలంటీర్లు దారి వదిలించడంలో కాస్త నయం.

మా తిరువళ్ళూరు జిల్లా తెలుగువాళ్ళకు ఈ ఊరేగింపులో మరో ముచ్చట ఉంది. తిరుత్తణి వైపు పల్లెలు 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. అప్పణ్ణుంచి ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. గొడుగులు వెళ్ళే వైపే మా చుట్టరికాలూ ఉన్నాయి: నగరి, పుత్తూరు, తిరుపతి. గొడుగు ఆగినప్పుడు ముందు వరసలో తమిళ కోలాటం పాట, వెనక వరసలో మా ముసలమ్మల తెలుగు గోవిందనామాలు వినిపిస్తాయి. ఒకరి పాట ఇంకొకరికి అడ్డం కాదు. పెరటాసి శనివారాల్లో పిండి దీపం తమిళుల ఇళ్ళలోనూ తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ వెలుగుతుంది, మాంసం రెండు చోట్లా మానేస్తారు.

గరుడసేవ రాత్రి మా వీధిలో ఏ ఇంట చూసినా టీవీలో దేవస్థానం వాళ్ళ ఎస్వీబీసీ చానల్ మోగుతుంది. స్వామి అలంకారం మీద, మకరకంఠి మీద, లక్ష్మీహారం మీద కెమెరా నిలుస్తుంటే, మావాళ్ళ కళ్ళు మాత్రం పైనున్న తెల్ల పట్టు మీదే. ‘అదిగో, మన వీధిలో ఆగింది అదే’ అని ఒకరంటారు. ‘కాదత్తా, మనది వెనక వరసలో ఉంది, కుచ్చులు చూడు’ అని కోడలు అడ్డం పడుతుంది. తేలేలోగా వాహనం మలుపు తిరుగుతుంది.