కళాపూర్ణోదయమున భ్రాంతి, ప్రమాణము

పింగళి సూరనార్యుఁడు కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజున కంకితము చేసెను. 16వ శతాబ్దికిఁ జెందిన యీ కావ్యము కథాకల్పనమునకుఁ బ్రసిద్ధము. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వవిచారము’ 1914లో వెలువడిన నాఁటినుండి దీని సంవిధానమును బొగడుట విమర్శకులకుఁ బరిపాటియైనది. పొగడ్త యుక్తమే. కాని యా కథ ముడివడిన చోటనే కవి యొక తత్త్వప్రశ్నమును నిలిపినాఁడు. నిజమైన జ్ఞానమును భ్రాంతినుండి వేఱుపఱచు గుఱుతు ఆ జ్ఞానమునందే కలదా? దీనిఁ బరిశీలింపక కథాచమత్కృతితోఁ దృప్తి పడుట కావ్యమునకు న్యాయము కాదు.

నలకూబరునిఁ గామించిన కలభాషిణి రంభరూపముఁ దాల్చి యతనిఁ జేరినది. అతఁడు నలకూబరుఁడు కాఁడు. ఆ రూపముఁ దాల్చిన మణికంధరుఁడు. ఆమె యతనిని నలకూబరుఁ డనియు, నతఁ డామెను రంభ యనియుఁ దలఁచిరి. ఇరువురును మోసగించినవారే, యిరువురును మోసపోయినవారే.

న్యాయశాస్త్రము సంశయమును విపర్యయమును వేఱుగా లెక్కించును. దూరమునఁ గానవచ్చునది మ్రోడో మనుష్యుఁడో యని యూఁగులాడుట సంశయము. ముత్తెపుఁజిప్పను వెండి యని నిశ్చయించుట విపర్యయము. ఇద్దఱు రంభ లెదురుపడి ‘నేనే రంభ’ నని కలహించుచోటఁ జూచువానికిఁ గలుగునది సంశయము. సాధారణధర్మములు కనఁబడుచున్నవి, విశేషధర్మము కనఁబడదు. అది యంత చిక్కు కాదు. సందేహించువాఁడు పరీక్షకుఁ బూనుకొనును. కలభాషిణి దశ వేఱు. ఆమెకు సందేహమే లేదు. యథార్థజ్ఞానమున కుండు దార్ఢ్యమంతయు నా భ్రాంతికిఁ గలదు.

ఇచట నైయాయికుఁ డొక యుపాయము చెప్పును. జ్ఞానము యథార్థమో కాదో ప్రవృత్తిసామర్థ్యముచేఁ దెలియునట. నీరని తలఁచి పోయినవాని దప్పి తీఱెనేని యది నీరే, తీఱదేని యెండమావి. సూరన కథ యీ యుపాయమునకే గండి కొట్టినది. కలభాషిణి దప్పి తీఱినది, తీర్చినది యెండమావి! జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహమున నీ ప్రవృత్తిసామర్థ్యమునే ఖండించినాఁడు. ఆ గ్రంథము 1940లో బరోడాలో ముద్రితమైనది. సూరన దానిఁ జూచెనని చెప్పఁ బనిలేదు. తార్కికుఁడు వాదముచేఁ జేరిన చోటికిఁ గవి కథచేఁ జేరుటయే విశేషము.

ఖండనఖండఖాద్యమునఁ బ్రమాణలక్షణముల నెల్లఁ జెండాడిన శ్రీహర్షుఁడే నైషధమున దమయంతి యెదుట నైదుగురు నలులను నిలిపెను. శ్రీనాథునివలన నా ఘట్టము తెలుఁగువారికిఁ జిరపరిచితము. అచట దేవతలు తుదకుఁ గరుణించి తమ గుఱుతులు చూపిరి: ఱెప్పపాటు లేమి, నేల నంటని పాదములు. కలభాషిణి కట్టి యనుగ్రహము లేదు.

నంద్యాల సీమలోనే, యాళ్లగడ్డకుఁ జేరువనున్న యహోబలమున నుగ్రస్తంభమును యాత్రికులకుఁ జూపుదురు. ఎఱ్ఱన నృసింహపురాణము నంకితమందిన దేవుని తావది. హిరణ్యకశిపుఁడు ప్రత్యక్షము నడుగఁగాఁ గంబమే బదులు చెప్పినది. ఆ కథలోఁ గన్ను తుదిప్రమాణము. సూరన కావ్యమునఁ గన్నే తొలి మోసగాఁడు.

మఱి చిక్కు విడఁదీయునది యెవరు? మధురలాలస. కలభాషిణియే యీమెగా మఱల జన్మించినది. కళాపూర్ణుఁ డిచ్చిన మణి యెడఁద సోఁకఁగా నా పసికందు పూర్వజన్మవృత్తాంతమును జెప్పును. స్మృతిని బ్రమగా నంగీకరింపని నైయాయికుల యెదుటఁ గవి స్మృతినే సాక్షిగా నిలిపినాఁడు. సాహసమే. అయితే యా స్మృతి యథార్థ మనుటకు మణిమహిమ తప్ప నాధార మేమని పూర్వపక్షి యడుగును. బ్రహ్మ సరస్వతికి ముందే చెప్పిన కథతో నది సరిపోవుచున్నదని సమాధానము. కాని యా బ్రహ్మవాక్యమును గథలోని పాత్రల నోటనే వినవచ్చునది. విన్న మాటకు విన్న మాటయే సాక్షి యగుచున్నది. కలభాషిణి ఘట్టమునఁ జూపిన పట్టు సూరన యిచటఁ జూపలేదు.