ఛాయాచిత్రానికి కైఫీయతు: కోటవురట్ల ప్రాంత స్థానిక చరిత్ర రచనపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గ్రామచరిత్ర రచనకు శాసనాలు, కైఫీయతులు, రెవెన్యూ దస్త్రాలు, మౌఖిక సాక్ష్యాలు ప్రధానాధారాలుగా స్థిరపడ్డాయి. పాత ఛాయాచిత్రం మాత్రం తెలుగు స్థానిక చరిత్ర గ్రంథాలలో చాలావరకు అలంకారంగానే మిగిలింది. అధ్యాయాల నడుమ అచ్చయ్యే చిత్రాన్ని ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు అన్న విచారణ అరుదు. అనకాపల్లి జిల్లాలోని కోటవురట్ల వంటి ప్రాంత చరిత్రకు ఛాయాచిత్రం ఎంతవరకు ఆధారం కాగలదో, ఆధారం కావాలంటే దానికి ఏది తోడు కావాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేరున్న వీధి

ఛాయాచిత్రాల ద్వారా ఊరి చరిత్ర చెప్పే పద్ధతి బ్రిటన్‌లో బలంగా వేళ్లూనుకుంది. ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1860లో నెలకొల్పిన సంస్థ అక్కడి పట్టణాలను, పల్లెలను వరుసగా చిత్రించి, ఆ చిత్రాలను పోస్టుకార్డులుగా విక్రయించింది. అమ్మకం కోసం వేసిన ఊరిపేరు, క్రమసంఖ్య తరువాతి కాలంలో చరిత్రకారుడికి ఆధారాలయ్యాయి. 1897లో బెంజమిన్ స్టోన్ ఆరంభించిన జాతీయ ఛాయాచిత్ర రికార్డు సంఘం పాత కట్టడాలను, గ్రామీణ ఆచారాలను చిత్రించి బ్రిటిష్ మ్యూజియంలో భద్రపరిచింది.

ఈ సంప్రదాయానికీ పరిమితి ఉంది. ఒకే వీధిని ‘నాడు – నేడు’ అంటూ పక్కపక్కన చూపినప్పుడు మార్పు కనిపిస్తుంది కాని, మార్పుకు కారణం కనిపించదు. దుకాణం ఎందుకు మూతపడిందో, గుడిసెలో ఉన్నవారు ఎక్కడికి పోయారో చిత్రం చెప్పదు. గతం పట్ల బెంగ చరిత్ర స్థానాన్ని ఆక్రమించే ప్రమాదం అక్కడ ఉంది.

3. పేరులేని మనిషి

అదే సామ్రాజ్యం భారతదేశంలో కెమెరాను మరొక విధంగా వాడింది. 1868 – 1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లోనూ, 1909లో ఎడ్గర్ థర్స్టన్ ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోనూ చిత్రాల వెనుక ఉన్న ప్రధాన ప్రేరణ వర్గీకరణ. ఇంగ్లండు పల్లెలో చర్చికి కూడా పేరుంది. మద్రాసు రాజధానిలో మనిషికి కులం పేరో, తెగ పేరో మాత్రమే మిగిలింది. ఊరు నేపథ్యంలోకి జారిపోయింది.

కోటవురట్లకు ఎగువనున్న మన్యం చరిత్రలో ఈ ధోరణి మరింత కఠినంగా కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో మొదలైన పితూరీ, 1924 మే 7న కొయ్యూరు వద్ద అల్లూరి సీతారామరాజు కాల్చివేతతో ప్రధాన ఘట్టాన్ని ముగించుకుంది. ఆయన మృతదేహానికి తీసిన ఛాయాచిత్రం నేటికీ ప్రచారంలో ఉంది. పాలకులకు అది పని పూర్తయిందనడానికి రుజువు. ప్రజలకు అదే ఆరాధ్యమైన జ్ఞాపకం. అయితే జనం మనసులో నిలిచిన రూపాన్ని ఆ చిత్రం కన్నా 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చలనచిత్రమే ఎక్కువగా తీర్చిదిద్దింది. ఒకే ఛాయాచిత్రం ఎవరి చేతిలో ఉన్నదాన్ని బట్టి వేర్వేరు చరిత్రలు చెబుతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

4. ఇంటి గోడ

అధికారిక సేకరణలు ఊరిని విస్మరించిన చోట ఇంటి గోడ ప్రత్యామ్నాయ భాండాగారమవుతుంది. ద్వారబంధం పైన ముందుకు వంచి వేలాడదీసిన పటాలు, బొట్టుపెట్టిన గాజు పలకలు, పెళ్లి ఫొటోలు, చనిపోయాక తీయించిన ఏకైక చిత్రాలు ఉత్తరాంధ్ర పల్లెల్లో పరిచిత దృశ్యాలు. వీటిలోనూ ఊరు నేరుగా కనిపించదు. స్టూడియో తెరపై గీసిన మేడ, పూలకుండీ ఊరిని దాచేస్తాయి. కూర్చున్న కుర్చీ స్టూడియోది కావచ్చు, చేతి గడియారం అరువుది కావచ్చు. కనుక ఈ చిత్రం బతికిన తీరుకన్నా బతకాలనుకున్న తీరుకు సాక్ష్యం. అది కూడా చరిత్రే. వలసవెళ్లిన కుటుంబంలో అట్టపై ముద్రించిన స్టూడియో చిరునామా ప్రయాణానికి ఆధారమవుతుంది.

ఈ భాండాగారాన్ని నిష్పాక్షికమైనదిగా భావించరాదు. స్టూడియోకు డబ్బు పెట్టగలిగిన ఇంటికే పటం ఉంటుంది. వరాహ నది పరీవాహకంలో పొలాలు దున్నిన పాలేర్లు, కూలీలు, ముఖ్యంగా స్త్రీలు, ఆ గోడపై లేకపోవడం యాదృచ్ఛికం కాదు. లేని పటం కూడా పరిశోధకుడు నమోదు చేయవలసిన ఆధారమే.

5. ముగింపు

కర్నల్ మెకంజీ సహాయకులు గ్రామాలలో సేకరించిన కైఫీయతులలో కథనం ఉంది, చిత్రం లేదు. ఇంటి గోడపై చిత్రం ఉంది, కథనం లేదు. ఈ రెండింటిని కలపడమే నేటి స్థానిక చరిత్రకారుడి పని. ప్రతి పటానికి ఒక కైఫీయతు రాయాలి: ఇందులో ఉన్నదెవరు, తీయించినదెవరు, ఏ సందర్భంలో, ఏ ఊరిలో, ఈ చిత్రంలో ఉండవలసి ఉండీ లేనిదెవరు. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ నమోదు కావాలి. భిన్నమైన జ్ఞాపకాలుంటే రెంటినీ రాయాలి. 1985లో మండలాలు, 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడి చిరునామాలు మారాయి గనుక నాటి, నేటి పాలనా విభాగాలను రెంటినీ పేర్కొనాలి.

ఫ్రిత్ సంస్థ చిత్రం మీదే ఊరిపేరు వేసింది. కోటవురట్ల పటాలకు ఆ వివరం ఇంటి పెద్దల నోట మాత్రమే ఉంది. పాత పెంకుటిల్లు తీసి శ్లాబు వేసే రోజున పటం అటకెక్కుతుంది. దాన్ని గుర్తుపట్టే చివరి మనిషి పోయాక, ఎంత నాణ్యంగా స్కాన్ చేసినా, అది మళ్లీ పేరులేని మనిషి బొమ్మే అవుతుంది. థర్స్టన్ పుటలలోని లోపాన్ని ఈసారి ఉపేక్ష వల్ల పునరావృతం చేసినట్లవుతుంది.