స్థానిక చరిత్ర రచనలో పాత ఛాయాచిత్రాలు, ప్రజల కథనాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

స్థానిక చరిత్ర రాయదలచిన విద్యార్థికి సాధారణంగా రెండు రకాల ఆధారాలు సులభంగా దొరుకుతాయి. ఒకటి పాత ఛాయాచిత్రం, రెండోది పెద్దలు చెప్పే కథ. మొదటిదాన్ని ప్రశ్నించకుండా నమ్మడం, రెండోదాన్ని పుక్కిటి పురాణమని కొట్టిపారేయడం మనలో చాలామందికి అలవాటు. ఈ అలవాటు వల్ల సామాన్యుల చరిత్ర మన చేజారిపోతుంది. హైదరాబాద్ నుంచి, ముఖ్యంగా అమీర్‌పేట పరిసరాల నుంచి కొన్ని ఉదాహరణలతో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

1. చిత్రం ఎవరి కోసం?

పాత హైదరాబాద్ చిత్రాలు అనగానే రాజా దీన్‌దయాళ్ (1844-1905) పేరు గుర్తుకు వస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆయన ప్రాసాదాలను, వేటలను, సైనిక విన్యాసాలను, ప్రముఖులను చిత్రించారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరణలో ఉన్నాయి. వాటి నైపుణ్యం నిస్సందేహం. అయితే రాజ్యం ఎలా ఉండేదో అన్నదానికంటే, అది ఎలా కనిపించాలని పాలకులు కోరుకున్నారో అవి ఎక్కువగా చెబుతాయి. ఔరంగాబాద్ ప్రాంతంలో జరిగిన కరవు సహాయక పనుల చిత్రాల్లో పేదలు కనిపిస్తారు. కానీ సహాయం పొందేవారిగానే కనిపిస్తారు. వారి మాట మనకు వినిపించదు. ఇటువంటి చిత్రాలను కేవలం ‘అలనాటి వైభవం’గా ప్రదర్శించడం చరిత్ర కాదు, అలంకరణ.

2. కథ ఏం చెబుతుంది?

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను తీసుకోండి. నాటి చిత్రాల్లో తెగిన వంతెనలు, కూలిన ఇళ్లు ఉన్నాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న సంగతిని మాత్రం నగర ప్రజల జ్ఞాపకమే నిలబెట్టింది. ఆ 150 ఎవరూ లెక్కపెట్టి రాసిన సంఖ్య కాకపోవచ్చు. అయినా నగరం ఆ విపత్తును ఎలా గుర్తుంచుకున్నదో అది చెబుతుంది.

అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ మూలవిగ్రహం నేలమట్టానికి దిగువన, బావిలో ఉంటుంది. పొలంలో బావి తవ్వుతుండగా ఒక రైతుకు విగ్రహం కనిపించిందనీ, ఎంత ప్రయత్నించినా పైకి రాలేదనీ స్థానికులు చెబుతారు. ఇందులోని మహిమను నిరూపించడం చరిత్రకారుడి పని కాదు. కానీ ఈ కథలో ఒక పొలం ఉంది, ఒక బావి ఉంది, ఒక రైతు ఉన్నాడు. మెట్రో రైలు మార్గాలు కలిసే ఈ ప్రాంతం ఒకప్పుడు సాగుభూమి అన్న జ్ఞాపకం అందులో భద్రంగా ఉంది. ఆస్థాన కెమెరాకు ఆ పొలంతో పని లేదు.

3. కథనూ ప్రశ్నించాలి

అలాగని పెద్దల మాట ప్రతిదీ ప్రమాణం కాదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఇందుకు మంచి పాఠం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు దాదాపు మూడు దశాబ్దాల తర్వాత చెప్పిన మాటలవి. ఆ మాటల్లో పోరాటపు ఉత్సాహంతోపాటు, పోరాటం ముగిశాక మళ్లీ ఇంటికే పరిమితం కావలసి వచ్చిన ఆవేదన కూడా కలిసిపోయింది. తేదీల విషయంలో జ్ఞాపకం తడబడవచ్చు. కానీ ఆ ఆవేదనను మరే దస్తావేజూ చెప్పలేదు. కాబట్టి ఏ కథనం దేనికి సాక్ష్యమో తేల్చుకోవడమే విమర్శ.

4. నేటి చిత్రం, రేపటి ఆధారం

చిత్రానికి కాలం నిర్ణయించడానికి చిన్న గుర్తులు చాలు. బండి నంబరు పలకపై ‘టీఎస్’ ఉంటే ఆ చిత్రం 2014 జూన్ తర్వాతిది. ‘ఏపీ’ ఉన్నంత మాత్రాన అంతకు ముందుదని చెప్పలేం, ఎందుకంటే పాత బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అమీర్‌పేట సత్యం థియేటర్ కనిపిస్తే, అది కూల్చివేతకు ముందు తీసిన చిత్రం. ఆ స్థలంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది.

మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదుల్లో సర్దుకుని బతికిన యువతీయువకుల చరిత్ర ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు. గోడలపై కోర్సుల ప్రకటనలు చిరిగిపోతున్నాయి, ఫోన్లలోని చిత్రాలు ఫోన్లతోపాటే పోతున్నాయి. దీన్‌దయాళ్ చిత్రాలకు కళాకేంద్రం ఉంది. వీరికి అటువంటిది లేదు. ఆ పని మీరే మొదలుపెట్టాలి.

అభ్యాసం: మీ ఊరి లేదా వీధి పాత చిత్రం ఒకటి సేకరించండి. దాన్ని ఎవరు, ఎవరి కోసం తీశారో రాయండి. అదే స్థలం గురించి వేర్వేరు వృత్తులకు చెందిన ఇద్దరు పెద్దల మాటలు, వారి అనుమతితో, వారి మాటల్లోనే నమోదు చేయండి. మూడూ ఏకీభవించని చోట్లను గుర్తించి, కారణాలను ఒక పుటలో చర్చించండి.